ప్రో ఫుట్‌బాల్ పుట్టింది 1892 అలగేనీలోనా, 1895 లాట్రోబ్‌లోనా? ఆఫీసులో పంచాయితీ తెగట్లేదు

పెన్‌హిల్స్_ప్రసాద్
పిట్స్‌బర్గ్ వచ్చి చాలా కాలమైంది. ఇన్నాళ్ళూ ఆదివారం గుడికెళ్ళి పులిహోర తిని, ఫుట్‌బాల్ జోలికి పోకుండా నెట్టుకొచ్చాను. ఇప్పుడు మా టీములో ఇద్దరు తగులుకున్నారు. ఒకాయన ఈ ఊరివాడే. డబ్బు తీసుకుని అమెరికన్ ఫుట్‌బాల్ ఆడిన మొదటి మనిషి ఆడింది మా ఊళ్ళోనే, 1892 నవంబరు 12న, అలగేనీ అథ్లెటిక్ అసోసియేషన్ తరఫున అంటాడు. రెండో ఆయనది లాట్రోబ్, ఇక్కడికి దగ్గర్లోని చిన్న ఊరు. కాదు, 1895లో మా ఊళ్ళో, పది డాలర్లకి అంటాడు. సోమవారం లంచ్ అంటే ఇదే గోల. నన్ను మధ్యవర్తిగా పెట్టారు, నాకేమీ తెలీదని ఇద్దరికీ గట్టి నమ్మకం మరి. ఆ అలగేనీ జట్టు ఆ ఏడాది ఏం వెలగబెట్టిందో చదివినవాళ్ళుంటే చెప్పండి. వికీ లింకులు వద్దు, అవి నేనూ చూడగలను.

గోదారోడు
వికీ వద్దంటే ఈ ఫోరంలో సగంమంది సెలవు పెట్టాల్సిందే.

పాతకాగితం
ముందు ఊళ్ళ సంగతి. అప్పటికి అలగేనీ వేరే ఊరు. నదికి ఇటు పిట్స్‌బర్గ్, అటు అలగేనీ సిటీ. 1907లో కలిపేశారు. ఇప్పుడు మీరు నార్త్ సైడ్ అంటున్నదే అది. కలపడం కూడా అలగేనీ జనానికి ఇష్టం లేకుండానే జరిగింది, ఆ కోపం తరాలపాటు పోలేదు.

అలగేనీ వాళ్ళ క్లబ్బు 1890లో మొదలైంది. అవతల పిట్స్‌బర్గ్ అథ్లెటిక్ క్లబ్, పీఏసీ అంటారు. ఇవి ఇప్పటి ఫ్రాంచైజీల్లాంటివి కావు. జిమ్ము, సభ్యత్వ రుసుము, వకీళ్ళు, వ్యాపారస్తులు, కాలేజీ చదివిన కుర్రాళ్ళు. పేరుకి అందరూ అమెచ్యూర్లే, అంటే డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్ళు. ఒక్క సెంటు తీసుకున్నా అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ వెలివేస్తుంది.

1892 అక్టోబరు 21న, కొలంబస్ 400 ఏళ్ళ సంబరాల రోజున, రెండు జట్లూ తలపడ్డాయి. 6-6, సమం. అసలు గొడవ ఆట అయ్యాక మొదలైంది. పీఏసీ వాళ్ళు మధ్యలో స్టేయర్ అని ఒకణ్ణి దించారు. వాడు చితక్కొట్టాడు. తీరా ఆరా తీస్తే వాడు స్టేయరూ కాదు, పీఏసీ సభ్యుడూ కాదు. పెన్ స్టేట్ కాలేజీ కెప్టెన్, ఏ.సీ. రీడ్!

క్లీవ్‌లాండ్_కుర్రాడు
దొంగ పేరుతో దించడం పిట్స్‌బర్గ్‌కి అప్పట్నుంచే ఉందన్నమాట. మా ఊరి జట్టు బ్రౌన్స్ అభిమానిగా నాకు ఆశ్చర్యమేమీ లేదు.

స్టీలర్స్‌అక్క
బ్రౌన్స్ అభిమానికి ఆశ్చర్యం ఎందుకుంటుంది, గెలుపు చూస్తే తప్ప. తమ్ముడూ, నువ్వు కాసేపు కూర్చో.

సీమబిడ్డ
అంటే మోసం మొదలుపెట్టింది పీఏసీనే గదా. అలగేనీ వాళ్ళు చేసింది బదులు తీర్చుకోవడం. అందులో తప్పేముందప్పా?

పాతకాగితం
@సీమబిడ్డ, అంత తేలిగ్గా తేలదు. అలగేనీ వాళ్ళు ఇంకో ఆరోపణ కూడా చేశారు. పీఏసీలో విలియం కిర్ష్‌నర్ అని వ్యాయామ శిక్షకుడు ఉండేవాడు, జీతానికి. ఫుట్‌బాల్ కూడా ఆడేవాడు. సీజన్ రాగానే ఆయన జీతం పెరుగుతుంది, చెప్పాల్సిన క్లాసులు తగ్గుతాయి. కాబట్టి ఆ పెంచిన డబ్బు దేనికి ఇస్తున్నట్టు అని వీళ్ళ ప్రశ్న. అయితే పీఏసీ దగ్గర కాగితం ఉంది: ఆయన మా ఉద్యోగి, అంతే. ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

మళ్ళీ పోటీ నవంబరు 12న, అలగేనీలోని రిక్రియేషన్ పార్కులో. ఈ మధ్యలో మూడు వారాలు రెండు క్లబ్బులూ మనుషుల కోసం వేట. సరిగ్గా అప్పుడే షికాగో అథ్లెటిక్ అసోసియేషన్ జట్టు తూర్పు వైపు ఊళ్ళు తిరుగుతూ ఆడుతోంది. అందులో ముగ్గురి మీద అందరి కళ్ళూ పడ్డాయి. ప్రిన్స్‌టన్ నుంచి వచ్చిన నోల్టన్ ఏమ్స్, స్నేక్ అని ముద్దుపేరు. బెన్ డొనెల్లీ, ఈయనకి స్పోర్ట్ అని పేరు, ఆట మాత్రం మోటు. మూడోవాడు పడ్జ్ హెఫెల్‌ఫింగర్.

పీఏసీ వాళ్ళు హెఫెల్‌ఫింగర్‌కీ ఏమ్స్‌కీ ఆటకి 250 డాలర్లు ఇవ్వజూపారని ముందే పిట్స్‌బర్గ్ పేపర్లో వార్త వచ్చింది. వార్త వచ్చాక కూడా ఇద్దరూ కుదరలేదు. ఎందుకంటే హెఫెల్‌ఫింగర్ 500కి తక్కువైతే తన అమెచ్యూర్ హోదాని పణంగా పెట్టనన్నాడు.

గోదారోడు
హోదాకి రేటు కార్డు ఉందన్నమాట. 250 అయితే పవిత్రం, 500 అయితే పర్లేదు.

మౌనంగా_చదువుతా
ఈ హెఫెల్‌ఫింగర్ అంత గొప్పవాడా? పేరు పలకడానికే 50 డాలర్లు అడగాలనిపిస్తోంది.

స్టీలర్స్‌అక్క
గొప్పవాడే. మినియాపోలిస్ మనిషి, యేల్ విశ్వవిద్యాలయంలో గార్డ్, అంటే ముందు వరుసలో నిలబడి దారి చేసేవాడు. దేశం మొత్తం మీద మేటి పదకొండుమందితో ఆల్ అమెరికా జట్టు అని ప్రకటించడం 1889లో మొదలైంది. ఆ మొదటి జాబితాలోనే ఉన్నాడు. 1890, 1891లో కూడా. ఆరడుగుల పైన మూడంగుళాలు, ఆ రోజుల్లో అది రాక్షసాకారం.

అప్పట్లో గార్డ్ అంటే ఎంత కష్టమో ఊహించండి. ఫార్వర్డ్ పాస్, అంటే బంతిని ముందుకి విసరడం, లేదు, అది చట్టబద్ధమైంది 1906లో. హెల్మెట్టు లేదు. మూడు ప్రయత్నాల్లో అయిదు గజాలు ముందుకెళ్ళాలి, అంతే. కాబట్టి ప్రతిసారీ గుంపుగా చేతులు పట్టుకుని గుద్దుకోవడమే. ఆ గుంపుని విడగొట్టేవాడు ఉంటే సగం ఆట గెలిచినట్టు. హెఫెల్‌ఫింగర్ ఎదుటివాళ్ళ గుంపు మీదకి ఎగిరి దూకేవాడట. సీజన్లో ఎన్ని ఎముకలు విరిగేవో దేవుడికే తెలియాలి. సరిగ్గా ఈ ఆట అయిన వారానికే, నవంబరు 19న, హార్వర్డ్ వాళ్ళు యేల్ మీద ఫ్లయింగ్ వెడ్జ్ అని, త్రికోణంలా గుంపుగట్టి దూసుకొచ్చే ఇంకా భయంకరమైన ఎత్తు వేశారు. రెండేళ్ళలో దాన్ని నిషేధించాల్సి వచ్చింది.

పెన్‌హిల్స్_ప్రసాద్
అక్కా, పాతకాగితం గారూ, బ్రహ్మాండం. ఇక ఆ రోజు ఏమైందో చెప్పండి. లంచ్‌కి ఇంకా రెండు రోజుల టైముంది.

పాతకాగితం
శనివారం. మంగళవారమే అధ్యక్ష ఎన్నిక అయింది, క్లీవ్‌లాండ్ గెలిచాడు (ఊరు కాదు @క్లీవ్‌లాండ్_కుర్రాడు, మనిషి). చలి. జనం మూడు వేలదాకా.

అలగేనీ జట్టు మైదానంలోకి వచ్చింది. అందులో హెఫెల్‌ఫింగర్, డొనెల్లీ, డెట్రాయిట్ వైపు నుంచి తెచ్చిన ఎడ్ మాలీ. పీఏసీ వాళ్ళు చూశారు. తాము బేరమాడి వదులుకున్న మనిషి అవతలి యూనిఫాంలో నిలబడి ఉన్నాడు! మైదానం వదిలి బయటికి నడిచారు. మేము ఆడం, ఇది మా ఊరి జట్టుతో ఆట కాదు అన్నారు. అలగేనీ మేనేజరు ఓ.డీ. థాంప్సన్, వృత్తికి వకీలు, యేల్‌లో, ఈ ఆట నియమాలు తీర్చిదిద్దిన వాల్టర్ క్యాంప్ కాలం మనిషి. ఆయన వాదన ఒకటే: మీరు చేయబోయిందే మేము చేశాం, మాకు కుదిరింది, మీకు కుదర్లేదు.

చాలాసేపు వాదించుకున్నారు. జనం టికెట్లు కొని చలిలో కూర్చున్నారు. చివరికి ఒప్పందం: పందేలన్నీ రద్దు, ఇది ప్రదర్శన ఆట మాత్రమే. 45 నిమిషాల అర్ధభాగాన్ని 30కి కుదించారు.

మొదటి అర్ధభాగంలో పీఏసీ వాడు బంతి జారవిడిచాడు. హెఫెల్‌ఫింగర్ అందుకుని పరిగెత్తాడు, 35 గజాలు అంటారు. గీత దాటి టచ్‌డౌన్. తర్వాతి గోల్ కిక్ తప్పింది. మిగతా ఆటంతా తోసుకోవడమే, ఎవరూ ఏమీ చేయలేదు. అలగేనీ 4, పీఏసీ 0.

మౌనంగా_చదువుతా
టచ్‌డౌన్‌కి ఆరు కదా? నాలుగేంటి?

లెక్కలమాస్టారు
ఆ రోజుల్లో టచ్‌డౌన్‌కి 4, తర్వాత గోల్ కొడితే 2, ఆట నడుస్తుండగా గోల్ కొడితే 5, సేఫ్టీకి, అంటే బంతి ఉన్నవాణ్ణి వాడి గీత వెనకే పడేస్తే, 2. అంటే చేత్తో గీత దాటించడం కంటే కాలితో కొట్టడానికే విలువ ఎక్కువ. 1898లో టచ్‌డౌన్‌కి 5 చేశారు, 1912లో 6. ఇప్పుడు 4-0 రావాలంటే రెండు సేఫ్టీలు పడాలి, అది జరిగితే ఇద్దరు కోచ్‌లకీ ఉద్యోగాలు ఉండవు.

ఇక అసలు విషయం. హెఫెల్‌ఫింగర్‌కి డబ్బిచ్చినట్టు మనకి ఎలా తెలుసు? అలగేనీ వాళ్ళు జమాఖర్చు పుస్తకంలో రాసుకున్నారు! ఆ పుట ఇలా ఉంది. టికెట్ల మీద వచ్చింది 1,683 డాలర్ల 50 సెంట్లు. ఖర్చులు: అవతలి జట్టుకి ఇచ్చిన హామీ సొమ్ము 428, చెక్కు. పార్కు అద్దె 50. డొనెల్లీ, మాలీ, హెఫెల్‌ఫింగర్ ముగ్గురి దారి ఖర్చులు 75. వాళ్ళ హోటల్ బిల్లు 9. ఆట ఆడినందుకు డబ్ల్యూ. హెఫెల్‌ఫింగర్‌కి బోనస్ 500, నగదు. కూడండి: 1,062. మిగులు 621 డాలర్ల 50 సెంట్లు. పైసాతో సహా సరిపోయింది. ఆ గుమాస్తా ఎవరో గానీ వారికి నమస్కారం. ఇప్పటి మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలు ఇంత శుభ్రంగా ఉండవు.

గోదారోడు
దొంగతనానికి రసీదు రాసిన మొదటి క్లబ్బు అనాలి.

ప్లీడరుగారు
మాస్టారూ, నగదు, చెక్కు అని విడివిడిగా రాసిన చోట ఆగండి. పార్కు అద్దెకి చెక్కు, అవతలి జట్టుకి చెక్కు, హోటల్‌కి కూడా చెక్కే. ఆటగాళ్ళకి మాత్రం నగదు. బయట ఏ బ్యాంకులోనూ అతని పేరు కనపడకూడదు, కానీ లోపల సభ్యులకి లెక్క చెప్పాలి. ఇది తెలివితక్కువ గుమాస్తా పని కాదు, ఎవరికి ఏం కనపడాలో తెలిసిన మనిషి పని.

కూతపెట్టు
గిదంత సదువుతాంటె మా ఊరి కబడ్డీ యాదికొస్తున్నది. దసరాకు పోటీలు పెడ్తరు, లిస్టుల ఊరోళ్ళ పేర్లే ఉండాలె. ఒకపారి పక్కూరోళ్ళు ఒక బక్కపలుచటి మనిషిని తెచ్చిండ్రు. ఎవలయ్య అంటె మా ఊరి అల్లుడు అన్నరు. అల్లుడంటె ఊరోడే గద, ఏమనగలం? రెయిడ్‌కు వచ్చి కూత పెట్టిండో లేదో, మా కోచ్ సార్ గుర్తువట్టిండు. జిల్లా టీముల ఆడిన మనిషి. గంటసేపు పంచాది అయినంక, కప్పు లేదు ఉత్త ఫ్రెండ్లీ అని ఆడిచ్చిండ్రు. మేమే ఓడినం. తెల్లారి సూస్తె ఆ అల్లునికి ఆ ఊర్ల పెండ్లాం లేదు, అత్తగారిల్లు లేదు.

స్టీలర్స్‌అక్క
"ఉత్త ఫ్రెండ్లీ"! అచ్చం అదే. 1892లో కూడా పందేలు రద్దు అన్న మాటే అందరినీ మైదానంలోకి తిరిగి తెచ్చింది.

సీమబిడ్డ
అదే నేను చెప్పేది. పందేలు లేకుంటే ఈ గొడవే లేదు. క్లబ్బు గౌరవం, ఊరి పరువు అంటారు గానీ, జేబులో దుడ్డు పెట్టుకుని వచ్చినోళ్ళు అలిగినారు.

ప్లీడరుగారు
పందేలు కారణంలో ఒక ముక్క మాత్రమే. నా దృష్టిలో అసలు ముక్క అమెచ్యూర్ నియమం. అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ 1888లో ఏర్పడింది. ఆటకి డబ్బు తీసుకుంటే మర్యాద పోతుందన్నది ఇంగ్లండ్ పెద్దమనుషుల దగ్గర తెచ్చుకున్న భావన. ఇంట్లో ఆస్తి ఉన్నవాడికి అది సులువే. క్లబ్బులు మాత్రం గెలవాలి, గెలిస్తేనే సభ్యులు వస్తారు, రుసుములు వస్తాయి. అందుకని దొడ్డిదారులు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒలింపిక్ క్లబ్ వాళ్ళు ఆటగాళ్ళకి ఉద్యోగాలు ఇప్పించారు. విచారణ చేసి, ఇది పూర్తి వృత్తి ఆట కాదులే అని వదిలేశారు.

ఇంకో పద్ధతి నాకు బాగా నచ్చింది. ఆటగాడికి బహుమతిగా బంగారు గడియారం ఇస్తారు. బహుమతి తప్పు కాదు కదా. అతను దాన్ని తాకట్టు పెట్టి 20 డాలర్లు తెచ్చుకుంటాడు. తాకట్టు రసీదుని క్లబ్బు మనిషికి మరో 20కి అమ్ముతాడు. క్లబ్బు గడియారం విడిపించుకుని, వచ్చే వారం మళ్ళీ అతనికే బహుమతి ఇస్తుంది. ఒకే గడియారంతో సీజన్ మొత్తం.

గోదారోడు
ఆ గడియారం టైము చూపించిందో లేదో గానీ జీతం మాత్రం టైముకి ఇచ్చింది.

లెక్కలమాస్టారు
500 అంటే ఎంతో ఆ ఊరి లెక్కలోనే చూద్దాం. అదే ఏడాది జులై 6న, ఇంకో నది ఒడ్డున హోమ్‌స్టెడ్‌లో, కార్నెగీ ఉక్కు ఫ్యాక్టరీ కార్మికులకీ కంపెనీ తెచ్చిన పింకర్టన్ ప్రైవేటు కాపలా మనుషులకీ మధ్య తుపాకులు పేలాయి. సమ్మె అప్పటికింకా నడుస్తోంది. ఆ మిల్లులో మామూలు కూలీకి గంటకి 14 సెంట్లు. రోజుకి పన్నెండు గంటలు పనిచేస్తే డాలరున్నర పైచిలుకు. 500 సంపాదించాలంటే ఇంచుమించు 300 రోజులు. హెఫెల్‌ఫింగర్‌కి ఒక మధ్యాహ్నం.

సీమబిడ్డ
చూసినారా! అక్కడ కూలికి కోత పెడితే మనుషులు చస్తావుంటే, నది ఇవతల ఒక్కనికి బంతి పట్టుకుని ఉరికినందుకు 500. ఆ క్లబ్బు సభ్యుల్లో మిల్లుల యజమానుల దోస్తులు ఎందరుంటారో! ఇది పండగ చేసుకోవాల్సిన సంగతా?

స్టీలర్స్‌అక్క
కోపం అర్థమైంది గానీ తప్పు మనిషి మీద పడుతోంది. 1,683 డాలర్లు వచ్చింది హెఫెల్‌ఫింగర్‌ని చూడటానికి వచ్చిన జనం వల్ల. అందులో ఆడేవాడికి వాటా వద్దు, అంతా క్లబ్బు పెట్టెలోనే ఉండాలి అనడమే అమెచ్యూర్ నియమం. అది కూలీ పక్షం ఎలా అవుతుంది? నిజానికి మిల్లు కుర్రాడు శనివారం పని మానుకుని ఊరికే ఆడలేడు. డబ్బు వచ్చాకే ఆ తరగతి పిల్లలు ఈ ఆటలోకి వచ్చారు.

సీమబిడ్డ
వచ్చింది తర్వాత. 1892లో ఆ 500 తీసుకున్నోడు యేల్‌లో చదివినోడు, మిల్లు కుర్రాడు కాదు. అక్కా, అది మర్చిపోవద్దు.

స్టీలర్స్‌అక్క
మర్చిపోలేదు. ఒమాహాలో రైల్వే ఆఫీసు ఉద్యోగం వదిలి వచ్చాడని కూడా గుర్తుంది. ఆస్తిపరుడు గుమాస్తా పని చేయడు.

పాతకాగితం
హోమ్‌స్టెడ్ సమ్మె నవంబరు 20న కూలిపోయింది, ఈ ఆట అయిన ఎనిమిది రోజులకి. ఇద్దరూ ఆ తేదీ పక్కన పెట్టుకుని కొట్టుకోండి.

పెన్‌హిల్స్_ప్రసాద్
బాబూ, నా లాట్రోబ్ ఆయన సంగతి ఎవరూ చెప్పట్లేదు.

పాతకాగితం
వస్తున్నా. 1895లో లాట్రోబ్ జట్టులో ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ బేస్‌బాల్ ఆటకి మాట ఇచ్చేసి రాలేనన్నాడు. జాన్ బ్రలియర్ అని ఒక కుర్రవాణ్ణి పిలిచారు. 10 డాలర్లు, పైన ఖర్చులు. జీనెట్ జట్టు మీద 12-0 గెలిచారు. ఆయన ఆ మాట బహిరంగంగా చెప్పుకున్నాడు, తర్వాత లాట్రోబ్‌లోనే పళ్ళ డాక్టరు అయ్యాడు. కాబట్టి దశాబ్దాలపాటు మొదటి ప్రో అంటే బ్రలియరే. మీ లాట్రోబ్ ఆయన వాళ్ళ తాత దగ్గర విన్నది అబద్ధం కాదు, ఆ కాలానికి అదే చరిత్ర.

1960లలో నెల్సన్ రాస్ అనే ఆయన పిట్స్‌బర్గ్ జట్టు స్టీలర్స్ ఆఫీసుకి వచ్చి, టైపు చేసిన ఒక పరిశోధన వ్యాసం జట్టు యజమానుల కుటుంబానికి చెందిన డాన్ రూనీ చేతిలో పెట్టి వెళ్ళాడు. పాత పిట్స్‌బర్గ్ పేపర్లు తిరగేసి రాసింది. అందులో ఉంది హెఫెల్‌ఫింగర్ కథ. తర్వాత ఆ జమాఖర్చు పుట కూడా దొరికింది. ఇప్పుడది ఒహాయోలో, క్యాంటన్ ఊళ్ళోని ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియంలో, వృత్తి ఫుట్‌బాల్ జన్మపత్రం అనే గౌరవంతో.

ఇంకో మాట. బ్రలియర్ రెండోవాడు కూడా కాదు. డొనెల్లీకి వారం తర్వాతే 250 ఇచ్చారు. 1893లో పీఏసీ ఒక ఆటగాడితో సీజన్ మొత్తానికి ఒప్పందం రాసుకుంది, బహుశా గ్రాంట్ డైబర్ట్. మనకి తెలిసినంతలో అదే మొదటి కాంట్రాక్టు. 1894లో గ్రీన్స్‌బర్గ్ వాళ్ళు లాసన్ ఫిస్కస్‌కి ఆటకి 20 డాలర్లు ఇచ్చారు. మీ లాట్రోబ్ ఆయనకి ఈ వరుస నెమ్మదిగా చెప్పండి, భోజనం అయ్యాక.

క్లీవ్‌లాండ్_కుర్రాడు
జన్మపత్రం ఒహాయోలో ఉంది అన్నారు కదా. ఇక పిట్స్‌బర్గ్ పుట్టుక రుజువు చేసుకోవాలంటే మా రాష్ట్రానికి రావాలి. నాకిది చాలు.

స్టీలర్స్‌అక్క
అది దాచుకోవడానికి ఇచ్చింది, ఆడుకోవడానికి కాదు.

ప్లీడరుగారు
నాకు "మొదటి" అన్న మాట మీదే అభ్యంతరం. కిర్ష్‌నర్ జీతం పెరిగింది 1892కి ముందా తర్వాతా? గడియారాలు తిరిగింది ఎప్పుడు? హెఫెల్‌ఫింగర్ షికాగో జట్టుతో తిరుగుతూ దారి ఖర్చు పేరుతో ఏమీ మిగుల్చుకోలేదా? కోర్టులో అయితే నేను ఇంతే అంటాను: ఇతను నగదు ముట్టినట్టు లిఖితపూర్వక సాక్ష్యం ఉన్న మొదటి ఆటగాడు. అంతకుమించి ఒక్క అక్షరం చెప్పను.

పాతకాగితం
చరిత్రలో మనకి మిగిలేది ఆ అక్షరమే కదండీ. ఇంకో వైపు చూడండి, హెఫెల్‌ఫింగర్ 1954 దాకా బతికాడు. తాను డబ్బు తీసుకున్నట్టు ఎక్కడా ఒప్పుకోలేదు. ఆ పుట లేకపోతే మీ వాదనకి కూడా ఆధారం లేదు.

కూతపెట్టు
ఏమ్స్ సంగతేంది? గాయన 250 తీస్కున్నడా?

పాతకాగితం
లేదు. ఏమ్స్ తన హోదా పోతుందని వెనక్కి తగ్గాడు. ముగ్గురిలో ఆ లెక్క వేసుకున్నది అతనొక్కడే.

గోదారోడు
అందుకే ఏమ్స్ పేరు మీద థ్రెడ్ లేదు.

మౌనంగా_చదువుతా
పాతకాగితం గారూ, డొనెల్లీకి వారం తర్వాత 250 అన్నారు, అది పీఏసీతోనేనా?

పాతకాగితం
కాదు, అదే ఈ సీజన్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. నవంబరు 19న వాషింగ్టన్ అండ్ జెఫర్సన్ కాలేజీతో ఆట. ఊరి శత్రువుని కొట్టి వచ్చిన అలగేనీ, డొనెల్లీకి 250 పోసి మరీ దిగింది. కాలేజీ పిల్లలు 8-0తో ఓడించి పంపారు. పైసా తీసుకోకుండా!

లెక్కలమాస్టారు
500కి నాలుగు పాయింట్లు, అంటే పాయింటుకి 125. తర్వాతి వారం 250కి సున్నా. మేనేజరు థాంప్సన్‌ గారు ఆ రాత్రి పుస్తకం తెరిచి ఉండరు.

సీమబిడ్డ
నిఖార్సయిన అమెచ్యూర్లు గెలిచినారు. నాకు ఈ వాదనలో దొరికిన ఒకే ఒక్క సంతోషం.

స్టీలర్స్‌అక్క
ఆ కాలేజీ వాళ్ళని కూడా ఎవరైనా ఆడిట్ చేస్తే తెలుస్తుంది.

ప్లీడరుగారు
అలగేనీ క్లబ్బుకి తర్వాత శిక్ష పడిందా?

పాతకాగితం
పడింది, ఆలస్యంగా. 1893లో ముగ్గురికి ఆటకి 50 చొప్పున ఇచ్చారు, అలవాటైపోయింది. ఆటగాళ్ళకి నగదు ఇస్తున్నారన్న ఆరోపణ మీద అమెచ్యూర్ యూనియన్ వాళ్ళని శాశ్వతంగా వెలివేసింది. ఇక వెలిపడ్డాక భయమేముంది? 1896లో జట్టు మొత్తాన్నీ డబ్బిచ్చి తెచ్చారు, హెఫెల్‌ఫింగర్‌తో సహా. రెండే రెండు ఆటలు. డుకేన్ క్లబ్ మీద ఒకటి, పాత శత్రువు పీఏసీ మీద ఒకటి. రెండూ గెలిచి దుకాణం మూసేశారు. పూర్తిగా జీతగాళ్ళతో ఆడిన మొదటి జట్టు అదే. మీ లాట్రోబ్ ఆయన్ని మరీ బాధపెట్టకుండా ఇది కూడా చెప్పండి: మరుసటి ఏడాది 1897లో, సీజన్ మొత్తం జీతగాళ్ళతోనే ఆడిన మొదటి జట్టు లాట్రోబ్.

చార్మినార్_సెంటర్‌ఫార్వర్డ్
పొద్దుట్నుంచి చదువుతున్నా, అసలు ఫుట్‌బాల్ గురించి ఎవరూ మాట్లాడరే. కిర్ష్‌నర్ పద్ధతి మన దగ్గర రాజమార్గం అయింది కదా. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. రహీం సాబ్ శిక్షణ. అందరికీ పోలీసు ఉద్యోగం. అమెచ్యూర్లే, జీతం మాత్రం ఆటకి కాదు, డ్యూటీకి. ఒలింపిక్స్‌కీ వెళ్ళారు, ఎవరూ వేలెత్తలేదు.

ప్లీడరుగారు
రెండూ ఒకటి కావు. అక్కడ నౌకరీ దాచలేదు. పింఛను కూడా ఉంది. కిర్ష్‌నర్‌కి సీజన్ అయిపోగానే జీతం తగ్గుతుంది.

చార్మినార్_సెంటర్‌ఫార్వర్డ్
దాచకపోతే తప్పు కాదంటారు. అలగేనీ వాళ్ళు కూడా పుస్తకంలో రాశారుగా.

పెన్‌హిల్స్_ప్రసాద్
లంచ్ అయింది. వరుస మొత్తం చెప్పాను. లాట్రోబ్ ఆయన 1897 పట్టుకున్నాడు, ఇక వదలడు. ఊరాయన మాత్రం ఇప్పుడు అలగేనీ వేరు, పిట్స్‌బర్గ్ వేరు, మా ముత్తాతలు అలగేనీ వాళ్ళు, పిట్స్‌బర్గ్‌కి ఆ ఘనత ఇవ్వనంటున్నాడు. 1907 సంగతి నేను చెప్పకుండా ఉండాల్సింది.

లెక్కలమాస్టారు
ప్రసాద్ గారూ, వాళ్ళిద్దరికీ ఇంకో ప్రశ్న పడేయండి. అవతలి జట్టు హామీ సొమ్ము 428, చెక్కు రూపంలో అని పుస్తకంలో ఉంది. అవతలి జట్టు అంటే పీఏసీ. ఇది అన్యాయం, ఆడం అని మైదానం వదిలి నడిచినవాళ్ళు, హెఫెల్‌ఫింగర్‌ని చూడటానికి వచ్చిన జనం డబ్బులోంచి 428 తీసుకుని వెళ్ళారు. పందేలు ఎటూ రద్దయ్యాయి. ఆ శనివారం నష్టపోయింది ఎవరో నాకు లెక్క తేలట్లేదు.

గోదారోడు
హోటల్‌వాడు. ముగ్గురు ఫుట్‌బాల్ ఆటగాళ్ళు, తొమ్మిది డాలర్లు. ఏం తిన్నారో ఊహించుకోండి.

కూతపెట్టు
మా ఊరి అల్లుడైతే తొమ్మిది ఒక్క పూటకే సాలకపోవు.